9 ఏళ్లకే నెర్రెలిచ్చిన సోలార్ కేబుల్: మొత్తం మార్చాలా, పగిలిన చోట మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: చీరాల మాస్టారు

అందరికీ నమస్కారం. మా ఇల్లు చీరాలలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపే ఉంది. 2016లో డాబా మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. మొత్తం పదహారు ప్యానెళ్లు, ఎనిమిదేసి ప్యానెళ్లను వరుసగా కలిపిన రెండు స్ట్రింగులు. మొదటి ఏడేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. గత రెండు వానాకాలాలుగా మాత్రం, రాత్రి వాన పడిన మర్నాటి ఉదయం, ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఇన్సులేషన్ లోపం అని చూపించి ఆగిపోతోంది. ఎండెక్కి పది, పదకొండు గంటలయ్యేసరికి దానంతటదే మళ్లీ మొదలవుతోంది. ఈ ఏడాది వాన లేకపోయినా, మంచు బాగా కురిసిన ఉదయాల్లో కూడా ఇదే వరస.

మొన్న ఆదివారం డాబా ఎక్కి జాగ్రత్తగా చూశాను. ప్యానెళ్ల నుంచి మెట్లగదిలోని ఇన్వర్టర్ దాకా సుమారు ముప్ఫై మీటర్ల దూరం ఉంది. వైరు చాలావరకు తెల్ల పీవీసీ పైపులోనే ఉంది కానీ, పిట్టగోడ మలుపు దగ్గర పైపు అతుకు విడిపోవడంతో ఒక బారెడు మేర ఎండకు తేలి ఉంది. అక్కడ ఎర్ర వైరు వెలిసిపోయి లేత గులాబీ రంగుకు వచ్చింది. వేలితో రాస్తే సున్నం లాంటి తెల్లని పొడి అంటింది. సరిగ్గా మలుపు మీద అడ్డంగా నాలుగైదు నెర్రెలున్నాయి. వాటిలో ఒకదానిలోంచి రాగి కనిపిస్తోంది, అదీ ఎర్రగా కాదు, నల్లబడి, అక్కడక్కడ పచ్చగా చిలుము పట్టి ఉంది.

నాకు అంతుపట్టనిది ఇంకొకటి. ప్రతి ప్యానెల్‌కూ వెనుక నుంచి వచ్చే పొట్టి నల్ల తీగలు కంపెనీ నుంచి ప్యానెల్‌తోపాటే వచ్చాయి. అవీ అదే డాబా మీద, అదే ఉప్పుగాలిలో అంతే కాలం ఉన్నాయి. వాటిని వంచి చూస్తే ఇప్పటికీ కొత్తవాటిలా మెత్తగా ఉన్నాయి.

నేను గణితం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి, విద్యుత్తు నా రంగం కాదు. ప్యానెళ్లకు 25 ఏళ్ల హామీ పత్రం ఇచ్చారు కానీ కేబుల్ గురించి ఆ రోజు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్కపక్కనే ఉన్న రెండు తీగలలో ఒకటి ఇంత త్వరగా ముసలిదై, రెండోది ఎందుకు కాలేదు? పగిలిన చోట మంచి టేపు చుట్టి సరిపెట్టవచ్చా, ఆ ముక్క వరకు మార్చాలా, లేక ముప్ఫై మీటర్లూ తీసేయాలా? పైపు లోపల ఉన్న మిగతా వైరు ఎలా ఉందో బయటి నుంచి తెలుసుకునే మార్గం ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: నంద్యాల ప్లాంటు ఇంజినీరు

మాస్టారూ, నమస్కారం. అన్నింటికన్నా ముందు ఒక విన్నపం. మీరు ఆ వైరును పట్టపగలు వేలితో రాసి చూశారు, ఆ పని దయచేసి మళ్లీ చేయకండి. ఇన్వర్టర్ ఆగిపోయి ఉన్నా, ఇంట్లో మెయిన్ ఆపినా, ప్యానెళ్ల మీద వెలుతురు పడుతున్నంతసేపూ ఆ వైరులో వోల్టేజీ ఉంటుంది. 2016 నాటి 72 సెళ్ల ప్యానెల్ ఒక్కొక్కటి లోడు లేనప్పుడు సుమారు 45 వోల్టులు ఇస్తుంది కాబట్టి, ఎనిమిది కలిసిన స్ట్రింగులో 360 వోల్టుల దాకా ఉంటుంది. అదీ డీసీ. రాగి కనిపిస్తున్న నెర్రె పక్కన చెమట పట్టిన వేలు పెట్టడం ప్రాణాంతకం కావచ్చు. బాగు చేయించేవరకు ఆ స్ట్రింగుకు సంబంధించిన డీసీ ఐసొలేటర్‌ను, అంటే ప్యానెళ్ల వైపు కరెంటును తెంచే స్విచ్‌ను, ఆపి ఉంచండి, పిల్లలను డాబా ఎక్కనివ్వకండి.

నేను గని, శకునాల గ్రామాల ప్రాంతంలోని సోలార్ పార్కులో కొన్నేళ్లుగా నిర్వహణ పని చూస్తున్నాను. మీరు చెప్పిన లక్షణం మాకు వానాకాలమంతా రోజూ ఎదురయ్యేదే. ఇన్వర్టర్ ఉదయం పని మొదలుపెట్టే ముందు, రెండు ధ్రువాలకూ భూమికీ మధ్య ఎంత నిరోధం ఉందో కొలుచుకుంటుంది. ఎండిన నెర్రెలో ఉన్నది గాలి కాబట్టి కొలత బాగానే వస్తుంది. నెర్రెలోకి నీరు చేరగానే రాగి నుంచి తడి గోడకో, ఇనుప స్టాండుకో దారి ఏర్పడి కొలత పడిపోతుంది. ఎండకు నీరు ఆరితే దారి మూసుకుంటుంది. అందుకే పదకొండు గంటలకు దానంతటదే బాగైనట్టు కనిపిస్తుంది కానీ, బాగైంది ఏమీ లేదు. వాన లేకపోయినా ఇప్పుడు ఆగుతోందని మీరు రాసిన మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మీ ఊరిలో నెర్రెలోకి చేరేది నీరొక్కటే కాదు, ఉప్పు కూడా. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే చెమరుస్తుంది. అంటే నెర్రెలో ఉప్పు పేరుకున్న తర్వాత వానతో పనిలేదు, సముద్రతీరపు మామూలు వేకువే చాలు.

టేపు మాట పూర్తిగా మరిచిపోండి. ఇంట్లో వాడే నల్ల టేపు కూడా పీవీసీయే, జిగురు ఎండకు కరిగి ఏడాది తిరగకుండానే చివరలు లేస్తాయి. అప్పటిదాకా అది చేసేది లోపలి తేమను ఆరనివ్వకుండా పట్టి ఉంచడమే. చిలుము పట్టిన రాగి మీద టేపు చుట్టడమంటే పుండు కడగకుండా కట్టు కట్టడం.

ఒక చోట భూమికి దారి ఏర్పడితే ఇన్వర్టర్ కనిపెట్టి ఆగుతుంది కాబట్టి వెంటనే మంట రాకపోవచ్చు. అసలు భయం రెండో లోపంతో మొదలవుతుంది. అదే స్ట్రింగులో మరో ధ్రువం వైపు కూడా ఇలాంటి నెర్రె పడి, రెండూ ఒకే ఇనుప చట్రాన్ని తాకితే, ఇన్వర్టర్ ప్రమేయం లేకుండానే కరెంటు ఆ చట్రం గుండా తిరుగుతుంది. ఏసీలో కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరడానికి అవకాశం ఉంది. డీసీకి ఆ సున్నా లేదు, ఒకసారి అంటుకున్న ఆర్క్, అంటే ఆరని నిప్పు మెరుపు, ఎండ ఉన్నంతసేపూ నిలబడి పక్కనున్న ప్లాస్టిక్‌ను కాలుస్తుంది. ఎర్ర వైరు పగిలిందంటే, అదే చుట్ట నుంచి కోసి అదే పైపులో వేసిన నల్ల వైరు గురించి కూడా అనుమానించడం న్యాయం.

పైపు లోపలి వైరు స్థితి తెలుసుకోవడానికి మెగ్గర్ పరీక్ష ఉంది, అంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి తొడుగు నిరోధాన్ని కొలవడం, దానిని సోలార్ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. మొదట ఏసీ వైపు ఆపి, తర్వాత డీసీ ఐసొలేటర్ ఆపి, క్లాంప్ మీటరుతో కరెంటు సున్నా అని చూసుకున్న తర్వాతే ప్లగ్గులు విడదీయాలి. లోడు మీద ఉండగా ప్లగ్గు లాగితే అక్కడే ఆర్క్ పుడుతుంది. వోల్టేజీ పోటు నుంచి కాపాడే సర్జ్ అరెస్టర్ తీగలను కూడా విడదీయకపోతే కొలత తప్పు వస్తుంది. మీ స్ట్రింగు వోల్టేజీకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 62446 ప్రకారం 500 వోల్టులతో పరీక్షించాలి, కనీసం 1 మెగా ఓమ్ రావాలి. ఇది మిట్టమధ్యాహ్నం చేస్తే మీ వైరు కూడా నిక్షేపంగా నెగ్గుతుంది, కాబట్టి మంచు ఆరని ఉదయమే చేయించండి. లేదా పైపు అతుకుల దగ్గర, మలుపుల దగ్గర నీళ్లు చిలకరించిన తర్వాత చేయించండి. ప్యానెళ్ల వైపు విడిగా, ముప్ఫై మీటర్ల వైరు విడిగా కొలిస్తే లోపం ఎటు ఉందో తేలిపోతుంది.

తీగలు ఎందుకు వేరువేరుగా ముసలివయ్యాయన్నది పదార్థం తెలిసినవారు నాకన్నా బాగా చెబుతారు.

జవాబు: హైదరాబాద్ కేబుల్ ల్యాబ్

నేను కేబుళ్ల తయారీలో నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేస్తాను. మాస్టారు రాసిన గుర్తులు, అంటే రంగు వెలవడం, తెల్లని పొడి, మలుపు మీద అడ్డంగా నెర్రెలు, ఇవన్నీ చూస్తే అది ఇంటి వైరింగుకు వాడే మామూలు పీవీసీ వైరు అని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. ప్యానెల్ వెనుక తీగలు మాత్రం సోలార్ కోసమే చేసిన క్రాస్ లింక్డ్ పాలీఓలెఫిన్ కేబుళ్లు. అవి ప్యానెల్ నీడలో ఉండటం కొంత కలిసి వచ్చిన మాట నిజమే కానీ, ప్రధానమైన తేడా నీడది కాదు, పదార్థానిది.

పీవీసీ సహజంగా మెత్తని పదార్థం కాదు. నీళ్ల పైపు ఎంత గట్టిగా ఉంటుందో చూడండి, వైరు మీది తొడుగు కూడా మూలంలో అదే. దానిని వంగేలా చేయడానికి నూనె లాంటి ప్లాస్టిసైజర్‌ను కలుపుతారు. ఆ నూనె పీవీసీ గొలుసులకు రసాయనికంగా అతుక్కుని ఉండదు, వాటి మధ్య ఇరుక్కుని ఉంటుంది, అంతే. ఏళ్ల తరబడి వేడి తగిలేకొద్దీ పైకి చెమరుస్తూ, ఆవిరవుతూ పోతుంది. అది పోయినకొద్దీ తొడుగు మళ్లీ తన పుట్టుక స్వభావానికి, అంటే పైపు గట్టిదనానికి వచ్చేస్తుంది. ఇంతలో అతినీలలోహిత కిరణాలు, వేడి కలిసి పీవీసీ గొలుసు నుంచి హైడ్రోజన్ క్లోరైడ్‌ను ఊడగొడతాయి. ఊడిన ఆమ్లం అక్కడితో ఊరుకోక, మరింత ఆమ్లం ఊడటానికి తానే తోడ్పడుతుంది. దానిని పట్టుకోవడానికి తయారీలో స్టెబిలైజర్లు వేస్తారు, అవి ఖర్చయిపోయిన రోజు నుంచి క్షయం ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. మొదటి ఏడేళ్లు ఏ ఇబ్బందీ లేదని మాస్టారు రాశారు కదా, ఆ ఏడేళ్లూ వైరు బాగున్నట్టు కాదు, దాని నిల్వ ఖర్చవుతూ ఉన్నట్టు. మీ వేలికి అంటిన తెల్లని పొడి, పైపొర క్షీణించిపోగా లోపల నింపిన సున్నపురాయి పొడి బయటపడటం. రాగి మీది పచ్చదనానికి మీ ఉప్పుగాలి ఎంత కారణమో, ఆ తొడుగులోంచి విడుదలైన క్లోరైడ్ కూడా అంతే కారణం కావచ్చు.

పైపులో ఉన్న భాగం క్షేమమని ఆశ పెట్టుకోవద్దు. పైపు ఎండ వెలుగును ఆపుతుంది కానీ వేడిని ఆపదు. వేసవిలో డాబా గచ్చును ఆనుకుని ఉన్న పైపులో గాలి ఆడదు, లోపల వేడి బయటికన్నా ఎక్కువే ఉంటుంది. మామూలు పీవీసీ వైరుకు రాగి దగ్గర అనుమతించేది 70 డిగ్రీలు. అక్కడ తొడుగు వెలవకపోవచ్చు, కానీ నూనె మాత్రం అంతే పోతుంది. చూడటానికి కొత్తగా, వంచితే పెళుసుగా ఉంటుంది.

చాలామంది కేబుల్ ముసలితనానికి అందులో ప్రవహించే కరెంటు కారణమని అనుకుంటారు. మాస్టారు గణితం తెలిసినవారు కాబట్టి లెక్కే రాస్తాను. తగరం పూసిన 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ నిరోధం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు గరిష్ఠంగా 5.09 ఓములు. మీ స్ట్రింగు కరెంటు ఎనిమిదిన్నర ఆంపియర్లు అనుకుంటే, మీటరు పొడవులో పుట్టే వేడి వాటులో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. ఇది చేతికి కూడా తెలియదు. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 50618 ప్రకారం ఇదే మందం కేబుల్ ఒంటిగా గాలిలో, చుట్టూ 60 డిగ్రీల వేడి ఉన్నా 55 ఆంపియర్లు మోయగలదు. కాబట్టి మీ కేబుల్‌ను వేడెక్కించింది కరెంటు కాదు, సూర్యుడు. రాత్రింబవళ్లు కరెంటు మోసే ఫ్యాక్టరీ కేబుల్ నీడలో నలభై ఏళ్లు బతుకుతుంది, రోజుకు ఐదారు గంటలే పనిచేసే డాబా మీది వైరు తొమ్మిదేళ్లకు పగులుతుంది.

ఇక సోలార్ కేబుల్ సంగతి. ఇందులో పాలీఇథిలీన్ జాతికి చెందిన పదార్థాన్ని వాడి, సాధారణంగా ఎలక్ట్రాన్ పుంజం కిందుగా కేబుల్‌ను నడిపించి గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తారు. మెత్తదనం ఆ పదార్థంలోనే ఉంది, బయటి నుంచి కలిపిన నూనె వల్ల వచ్చింది కాదు, కాబట్టి ఆవిరై పోవడానికి ఏమీ లేదు. గొలుసులు ముడిపడి ఉన్నందువల్ల వేడికి కరిగి జారదు. క్లోరిన్ లేదు కాబట్టి ఆమ్లం పుట్టదు. అలాగని దీనికి వయసు రాదనుకోకూడదు. దీని శత్రువు గాలిలోని ఆక్సిజన్. లోపల కలిపిన యాంటీఆక్సిడెంట్ గొలుసుల బదులు తానే ఆక్సీకరణకు బలవుతూ వస్తుంది, అది అయిపోయిన తర్వాత గొలుసులు తెగడం మొదలవుతుంది. కొత్త తొడుగు తెగేలోపు కనీసం 125 శాతం సాగాలని ప్రమాణం చెబుతుంది. ఆ సాగుడు 50 శాతానికి పడిపోతే కేబుల్ ఆయుష్షు తీరినట్టు లెక్కించడం అణు విద్యుత్ కేంద్రాల కేబుళ్లను పరిశీలించేవారిలో ఏనాటి నుంచో ఉన్న పద్ధతి.

25 ఏళ్ల హామీ గురించి ప్రస్తావించారు. ఈఎన్ 50618లో 25 ఏళ్ల వినియోగం అన్న మాట ఉంది. రాగి 120 డిగ్రీల వేడిలో 20,000 గంటలు ఉన్నా తట్టుకోవాలన్నది దాని వెనుక ఉన్న షరతు. 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందన్న మోటు లెక్క వేస్తే, 90 డిగ్రీల దగ్గర అది 1,60,000 గంటలు, అంటే రాత్రింబవళ్లు కలిపి 18 ఏళ్లు. మన డాబాల మీద కేబుల్ 70 డిగ్రీలకు చేరేది వేసవిలో రోజుకు కొన్ని గంటలే కాబట్టి వేడి ఒక్కటే చూస్తే ఆయుష్షు బోలెడంత ఉంది. కానీ నేను ఇక్కడ మాస్టారికి ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అదే ప్రమాణంలో అతినీలలోహిత కిరణాలు, నీటి జల్లు కలిపి చేసే వాతావరణ పరీక్ష 720 గంటలు, అంటే ముప్ఫై రోజులు మాత్రమే. దాని తర్వాత బలమూ సాగుడూ 70 శాతమైనా మిగిలితే నెగ్గినట్టే. వేడి విషయంలో ప్రమాణం ఎంత ఉదారంగా ఉందో, వెలుగు విషయంలో అంత పొదుపుగా ఉంది. పాతికేళ్ల పాటు నేరుగా ఎండలో పడి ఉండటానికి ఈ ముప్ఫై రోజుల పరీక్ష రుజువు కాదని నా అభిప్రాయం. అందుకే కేబుల్ ఎంత మంచిదైనా ప్యానెళ్ల నీడలోనో, మూత ఉన్న ట్రేలోనో నడిపించమని నేను అందరికీ చెబుతాను.

రంగు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. నల్ల తొడుగులో ఉండే కార్బన్ బ్లాక్ వెలుగును పైపొరలోనే పీల్చుకుని లోపలికి పోనివ్వదు. పాలీఇథిలీన్ జాతికి అంతకు మించిన చవకైన, నమ్మకమైన రక్షణ మరొకటి లేదు. ఎర్ర తొడుగులో అది వేయడం కుదరదు కాబట్టి పూర్తిగా ఇతర స్టెబిలైజర్ల మీద ఆధారపడాలి. మంచి తయారీదారుల ఎర్ర కేబుళ్లు బాగానే ఉంటాయి కానీ, ఎంచుకునే వీలుంటే రెండు ధ్రువాలకూ నల్లదే తీసుకుని, చివరల్లో మాత్రం ఎర్ర గుర్తు పెట్టించుకోండి.

మొత్తం ముప్ఫై మీటర్లూ, రెండు ధ్రువాలూ మార్చండి. ఒక ముక్క మారిస్తే పాత వైరుకూ కొత్తదానికీ మధ్య రెండు అతుకులు కొత్తగా పుడతాయి, పైగా మిగిలిన పాత వైరు వచ్చే వేసవికో, ఆపై వేసవికో అదే దారిన పోతుంది. కొత్త కేబుల్ మీద ఈఎన్ 50618 లేదా ఐఈసీ 62930 లేదా మన దేశపు ఐఎస్ 17293 అని అచ్చు వేసి ఉండాలి. ఐఎస్ 17293 వచ్చింది 2020లో, మీ పని జరిగింది 2016లో, కాబట్టి అప్పటికి ఆ ముద్ర లేకపోవడం తప్పు కాదు. కానీ ఐరోపా ప్రమాణం 2014 నాటికే ఉంది.

అచ్చును గుడ్డిగా నమ్మనక్కరలేదు. ఒక ముక్క కోసి, వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ మొనను తొడుగుకు అదమండి. పీవీసీ కరిగి మొనకు అంటుకుని తీగలు సాగుతుంది. క్రాస్ లింక్ అయిన తొడుగు మెత్తబడి గుంట పడుతుంది కానీ కరిగి కారదు. ఇంకొకటి, రాగి తీగ కొనను ఎర్రగా కాల్చి తొడుగుకు తాకించి, మళ్లీ మంటలో పెడితే పచ్చని జ్వాల వస్తే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే పీవీసీ అన్నట్టు. ఈ పచ్చ జ్వాల పరీక్షను ఆరుబయట, పొగ పీల్చకుండా చేయాలి. లోపలి తీగలు సన్నగా, అనేకంగా, వెండిలా తెల్లగా తగరం పూతతో ఉండాలి. సముద్రతీరంలో ఈ పూత విషయంలో రాజీ పడకండి. పూత లేని రాగిలో చిలుము నెర్రె దగ్గర ఆగదు, తీగల మధ్య సందుల్లోంచి తేమతోపాటు తొడుగు లోపలికి పాకుతుంది. చివరగా, 100 మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల చుట్టలో రాగే మూడున్నర కిలోల దాకా ఉండాలి, చుట్ట మొత్తం బరువే అంతకు తక్కువ తూగితే కొనకండి.

జవాబు: కళ్యాణదుర్గం రైతు

మాస్టారు గారికి నమస్కారం. పెద్దలు పదార్థం గురించి అంతా చెప్పారు. నాది పొలంలో 5 హెచ్‌పీ సోలార్ పంపు, 2018లో పెట్టించాను. మాకు ఇచ్చిన కేబుల్ అసలైన సోలార్ కేబులే, ఈ రోజుకీ దాని తొడుగు మెత్తగానే ఉంది. అయినా నాలుగో ఏట అది దెబ్బతిన్నది. ఎందుకో చెబుతాను.

కేబుల్‌ను ప్యానెళ్ల కింద ఇనుప చట్రానికి తెల్ల నైలాన్ టైలతో కట్టి వెళ్లారు. మా వైపు ఎండ, గాలి రెండూ ఎక్కువే. మూడో వేసవికి ఆ టైలు చిటికేస్తే విరిగేలా అయ్యాయి, ఒక్కొక్కటే తెగి కేబుల్ కిందికి వేలాడింది. వేలాడిన కేబుల్ ఆషాఢ గాలికి ఊగుతూ, చట్రంలో కోసి వదిలేసిన ఒక పదునైన అంచు మీద రాపిడి పడుతూ వచ్చింది. ఒకరోజు కంట్రోలర్ ఆగిపోతే, వచ్చిన మెకానిక్ చూపిస్తే గానీ నాకు తెలియలేదు. రంపంతో కోసినట్టు ఆ అంచు తొడుగు రెండు పొరలనూ కోసి రాగిదాకా వెళ్లింది. పట్టుమని రూపాయి ఖరీదు చేయని టై వల్ల వేల రూపాయల కేబుల్ పోయింది, విత్తనం వేసే రోజుల్లో తొమ్మిది రోజులు నీళ్లు ఆగాయి.

ఇప్పుడు పైపూత ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ టైలు వేయించాను, పదునైన అంచు ఉన్న ప్రతిచోటా రబ్బరు అంచుపట్టీ తొడిగించాను. నైలాన్ టై వేయక తప్పని చోట నల్లదే వేయించి, రెండేళ్లకోసారి అన్నీ తీసి కొత్తవి వేస్తున్నాను. భూమిలోంచి వెళ్లే భాగానికి మందమైన హెచ్‌డీపీఈ పైపు వేసి, రెండు మూతులూ ఎలుకలు దూరకుండా మూయించాను. ఉడుతలతో మాత్రం ఇంకా వేగుతున్నాను. అవి తొడుగును తినవు, పళ్లు అరగదీసుకోవడానికి కొరుకుతాయి. ప్యానెళ్ల అంచు చుట్టూ సన్న తీగల జాలీ బిగించిన తర్వాత గూళ్లు కట్టడం తగ్గింది. మీ డాబా పక్కన చెట్టు ఉంటే ఇది కూడా గుర్తుంచుకోండి.

చీరాల మాస్టారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంజినీరు గారు చెప్పినట్టే మంచు ఆరకముందు, ఉదయం ఆరున్నరకు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మెగ్గర్ పెట్టించాను. మొదటి స్ట్రింగు ముప్ఫై మీటర్ల వైరు ఎర్ర ధ్రువం 0.08 మెగా ఓములు, నల్ల ధ్రువం 0.6. రెండో స్ట్రింగు వైరు రెండు ధ్రువాలూ 2, 3 మెగా ఓముల మధ్య. ప్యానెళ్ల వైపు మాత్రం రెండు స్ట్రింగులూ 40 మెగా ఓములు దాటాయి. అదే వైరును మధ్యాహ్నం రెండు గంటలకు మళ్లీ కొలిపిస్తే, 0.08 చూపించిన ధ్రువమే 15 మెగా ఓములు చూపించింది. ఇంతకాలం ప్రతి పరిశీలనా మధ్యాహ్నమే జరిగినందువల్లే అన్నీ బాగున్నాయని చెప్పి వెళ్లేవారని ఇప్పుడు అర్థమైంది.

మొత్తం తీయించాను. పైపులోంచి లాగిన వైరును చూసినప్పుడు ల్యాబ్ వారి మాట నిజమని కళ్లారా తెలిసింది. రంగు కొత్తదానిలాగే నిగనిగలాడుతోంది. పెన్సిల్ చుట్టూ చుట్టబోతే రెండో చుట్టుకే ఎండిన కందికట్టెలా టక్కున విరిగింది. పగిలిన చోటు నుంచి తొడుగు ఒలుచుకుంటూ పోతే, నెర్రెకు మూరెడు దూరం దాకా రాగి నల్లగానే ఉంది. కొత్తది తగరం పూత ఉన్న 4 చదరపు మిల్లీమీటర్ల నల్ల కేబుల్, పచ్చ జ్వాల పరీక్ష కూడా చేసి చూశాను, రాలేదు. వోల్టేజీ నష్టం లెక్క వేస్తే పోనూ రానూ 60 మీటర్లకు రెండున్నర వోల్టులు, ఒక శాతం లోపే.

రెండు సందేహాలు మిగిలాయి. ప్యానెళ్ల పాత ప్లగ్గులకు కొత్త కేబుల్ చివర వేరే కంపెనీ ప్లగ్గు వేస్తానని ఎలక్ట్రీషియన్ అంటున్నారు, రెండూ చక్కగా ఒకదానిలో ఒకటి బిగుస్తున్నాయి. ఇది సరైనదేనా? కొత్త కేబుల్‌ను మళ్లీ పీవీసీ పైపులోనే వేయవచ్చా?

జవాబు: నంద్యాల ప్లాంటు ఇంజినీరు

బిగుసుకోవడం వేరు, సరిపోవడం వేరు మాస్టారూ. ఐఈసీ 62852 ప్రకారం ప్లగ్గులను పరీక్షించేది ఒకే తయారీదారు జంటగా మాత్రమే. వేర్వేరు కంపెనీల లోపలి పిన్నుల కొలతల్లో, స్ప్రింగు పట్టులో, లోహపు పూతలో చిన్న తేడా ఉన్నా తాకే చోట నిరోధం నెమ్మదిగా పెరుగుతుంది, ఉప్పుగాలి దానిని ఇంకా త్వరగా పెంచుతుంది. మా దగ్గర కాలిపోయిన కేబుల్ అని వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా, చివరికి చూస్తే కేబుల్ కాదు, ప్లగ్గే కాలి పక్కనున్న కేబుల్‌ను కాల్చి ఉంటుంది. ప్యానెల్ ప్లగ్గు ఏ కంపెనీదో దాని మీద అచ్చు ఉంటుంది, అదే తెప్పించండి. అది దొరకకపోతే, ఆ చివరి ప్యానెల్ తీగకున్న పాత ప్లగ్గును కోసి, రెండు వైపులా ఒకే కంపెనీ కొత్త జంట వేయించండి. క్రింపింగును, అంటే పిన్నును తీగ మీద నొక్కి బిగించడాన్ని, ఆ పిన్నుకు సరిపడే క్రింపింగ్ టూల్‌తోనే చేయాలి, కటింగ్ ప్లయర్‌తో నొక్కితే ఒప్పుకోవద్దు. నొక్కిన తర్వాత పిన్నును పట్టుకుని గట్టిగా లాగి చూడమనండి.

పైపు వేయవచ్చు, కానీ గచ్చుకు ఆనించకుండా చిన్న దిమ్మెల మీద ఎత్తి వేయించండి. అతి పల్లంగా ఉన్న చోట అడుగున ఒక రంధ్రం ఉంచితే చేరిన నీరు బయటికి పోతుంది. సోలార్ కేబుల్ వానను తట్టుకుంటుంది కానీ ఎప్పుడూ నీటిలో నానుతూ ఉండటానికి చేసినది కాదు. రామగుండం, సింహాద్రిల్లో నీటి మీద తేలే ప్లాంట్లున్నాయి కదా, అలాంటి చోట్ల కూడా కేబుళ్లు నీటిలో మునిగి ఉండకుండా తేలే దారుల మీద నడిపించడానికే ప్రయత్నిస్తారు. పైపు ఇన్వర్టర్‌లోకి ఎక్కే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లమనండి, దాని వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ వంపు కేబుల్ మందానికి ఐదారు రెట్ల వ్యాసార్థం కన్నా బిగుతుగా ఉండకూడదు.

పని పూర్తయ్యాక కొత్త కేబుల్ మెగ్గర్ కొలతలను తేదీ, సమయం, ఆ రోజు వాతావరణంతో సహా రాసి, ఇన్వర్టర్ పెట్టె మూతకు లోపలి వైపు అంటించి ఉంచండి. వచ్చే కార్తీకంలో మంచు కురిసిన ఉదయం మళ్లీ కొలిపించినప్పుడు ఆ కాగితం పక్కనే ఉండాలి.

చీరాల మాస్టారు

ప్లగ్గుల కంపెనీ పేరు ప్యానెల్ మీద చూసి రాసుకున్నాను, విజయవాడలో దొరుకుతాయన్నారు. అవి వచ్చేదాకా రెండు స్ట్రింగులూ ఆపి ఉంచాను. పని పూర్తయిన మర్నాటి ఉదయపు కొలతలు ఇక్కడే రాస్తాను.